‘సరే’ అని ఏఐ చెప్పొచ్చు, ‘కుదరదు’ అని మనిషే చెప్పాలి.. ప్రభుత్వ సేవల్లో కృత్రిమ మేధపై ఎందుకు ఆశ పెట్టుకోవచ్చు?

పాతికేళ్ల కిందటి హైదరాబాద్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. కరెంటు బిల్లు కట్టడానికి ఒక ఆఫీసు, నీళ్ల బిల్లుకు ఇంకో ఆఫీసు, ఇంటి పన్నుకు మరొకటి. ఒక్కోచోట ఒక్కో క్యూ. ఇంట్లో ఎవరో ఒకరు పూట సెలవు పెడితే గానీ పని తెమిలేది కాదు.

1999 చివర్లో ‘ట్విన్స్’ పేరుతో ఒక ప్రయోగం మొదలైంది. అన్ని బిల్లులూ ఒకే కౌంటర్లో కట్టొచ్చన్నారు. 2001 ఆగస్టులో అదే ‘ఈసేవ’ అయింది. 2011 నవంబరులో ‘మీసేవ’ వచ్చింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను నేరుగా వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆ తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది.

క్యూ కౌంటర్‌గా మారింది. కౌంటర్ ఫోన్‌లోకి వచ్చింది. ఇప్పుడు అందరూ మాట్లాడుతున్న తర్వాతి మెట్టు కృత్రిమ మేధ, అంటే ఏఐ.

ఏఐ అనగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అన్ని సమస్యలూ తీరిపోతాయని కొందరు, అన్ని ఉద్యోగాలూ పోతాయని ఇంకొందరు. ఈ రెండూ పక్కన పెట్టి చిన్న ప్రశ్న వేసుకుందాం. రేషన్ కార్డు, పింఛను, ఆసుపత్రి, పొలం పని.. వీటిలో ఏఐ వల్ల మామూలు మనిషికి మేలు జరుగుతుందా?

ఇప్పటివరకు కనిపిస్తున్న అనుభవాలను బట్టి చూస్తే, జరుగుతుంది. అయితే ఒక్క షరతు ఉంది.

కంప్యూటర్ ఎప్పుడో వచ్చింది కదా, ఏఐతో కొత్తేముంది?

ఇప్పటిదాకా మనమే కంప్యూటర్ భాష నేర్చుకున్నాం. మనకు కావాల్సిన సేవ పేరేంటి, అది ఏ శాఖ కిందికి వస్తుంది, ఏ ఫారం నింపాలి.. ఇవన్నీ ముందే తెలిసి ఉండాలి. వాట్సాప్ సేవల్లోనూ ఎక్కువగా మెనూలు నొక్కుకుంటూ వెళ్లాల్సిందే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి పెద్ద చనిపోయారు. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. దాన్ని భార్య పేరు మీదకు మార్చుకోవాలి. ఇంట్లో వాళ్లకు తెలిసిన అవసరం ఇదొక్కటే. కానీ ఆఫీసు దృష్టిలో ఇది ఒక పని కాదు. మరణ ధ్రువీకరణ పత్రం ఒకచోట, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ఇంకోచోట, మున్సిపాలిటీ రికార్డులో పేరు మార్పు మరోచోట.

ఈ మూడింటికీ ఉన్న లింకు తెలిసినవాళ్లు ఆఫీసు బయట కూర్చునే మధ్యవర్తులే. అందుకే వాళ్లకు గిరాకీ.

మామూలు మాటల్లో చెప్పిన అవసరాన్ని అర్థం చేసుకుని, ఏయే కాగితాలు ఏ వరుసలో కావాలో చెప్పడం ఏఐకి వీలయ్యే పని. అంటే ఇకపై ఆఫీసు భాష మనం నేర్చుకోనక్కర్లేదు. మన భాష ఆఫీసే నేర్చుకోవాలి. అసలు మార్పు ఇదే.

తెలుగులో అడిగితే అర్థమవుతుందా?

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దేశంలో సుమారు 8.11 కోట్ల మంది. వీరిలో ఫోన్‌లో మాట్లాడటం వచ్చినా, ఇంగ్లిష్ ఫారం నింపడం రానివాళ్లు చాలామందే ఉంటారు.

భారతీయ భాషల మధ్య అనువాదానికి, మాటను అక్షరాల్లోకి మార్చడానికి కేంద్రం 2022 జులైలో ‘భాషిణి’ని ప్రారంభించింది. పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయా లేదా అని రైతులు తమ భాషలో అడిగి తెలుసుకునేలా 2023 సెప్టెంబరులో ‘కిసాన్ ఈ-మిత్ర’ వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పుల అనువాదానికి ‘సువాస్’ అనే సాఫ్ట్‌వేర్ 2019 నుంచే వాడుకలో ఉంది.

అయితే తెలుగు అంటే ఒకే తెలుగు కాదు. పొలంలో ఏ పంట వేశారో చెప్పే రికార్డును ఆంధ్రలో ‘అడంగల్’ అంటారు, తెలంగాణలో ‘పహాణీ’ అంటారు. శ్రీకాకుళం యాస వేరు, కర్నూలు యాస వేరు, కరీంనగర్ యాస వేరు. పుస్తకాల తెలుగు మాత్రమే వచ్చిన యంత్రం ఊళ్లో పనికి రాదు.

ఆశ పెట్టుకోవడానికి కారణం ఏంటంటే, ఇది నేర్పగలిగే విషయం. ఎంత ఎక్కువ మంది మాట వింటే యంత్రం అంత బాగా నేర్చుకుంటుంది. చేయాల్సిందల్లా అన్ని ప్రాంతాల మాటనూ దానికి వినిపించడం.

ఇప్పటికే ఎక్కడైనా పనిచేసిందా?

పనిచేసింది. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది క్షయ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఛాతీ ఎక్స్‌రే తీయడం తేలికే, దాన్ని చదివే రేడియాలజిస్టు దొరకడమే కష్టం. 15 ఏళ్లు దాటినవారి ఎక్స్‌రేలను చదవడానికి మనిషికి బదులు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. చేత్తో పట్టుకెళ్లగలిగే ఎక్స్‌రే పరికరానికి ఈ సాఫ్ట్‌వేర్ తోడైతే, బస్తీలోనే పరీక్ష చేసి అనుమానం ఉన్నవారిని అక్కడికక్కడే గుర్తించొచ్చు.

రెండోది వాన. 2025 ఖరీఫ్‌కు ముందు, రుతుపవనాలు తమ ప్రాంతానికి ఎప్పుడు వస్తాయో చెబుతూ కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు ఎస్ఎంఎస్‌లు పంపింది. ఏఐ వాతావరణ నమూనాల సాయంతో ఆ అంచనాలు వేశారు. తర్వాత మధ్యప్రదేశ్, బిహార్‌లలో ఫోన్ సర్వే చేస్తే, 31 నుంచి 52 శాతం రైతులు ఆ సమాచారాన్ని బట్టి సాగు నిర్ణయాలు మార్చుకున్నట్లు తేలింది. తొలకరికే తొందరపడి విత్తనం వేసి, తర్వాత వాన మొహం చాటేస్తే ఏమవుతుందో రైతు ఇంట్లో పుట్టినవారికి వేరే చెప్పక్కర్లేదు.

మూడోది మిర్చి. ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ పేరుతో తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి ఒక ప్రాజెక్టు చేపట్టాయి. తొలి దశలో 7 వేల మంది మిర్చి రైతులకు తెలుగులో సాగు సలహాలు, నేల పరీక్షలు, నాణ్యత పరీక్షలు అందించారు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించింది. ఇవి ప్రాజెక్టు నడిపినవారే ఇచ్చిన లెక్కలు కాబట్టి కాస్త ఆచితూచి చూడాలి. అయినా ఏ దారిలో వెళ్లొచ్చో ఇవి చూపిస్తున్నాయి.

నాలుగోది మన ఇళ్లలోనే చూస్తాం. పింఛనుదారులు ఏటా నవంబరులో ‘బతికే ఉన్నాం’ అని ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. ఒకప్పుడు స్వయంగా బ్యాంకుకో, ట్రెజరీకో వెళ్లేవారు. తర్వాత వేలిముద్రలు వచ్చాయి. వయసు మీద పడితే వేలి గీతలు అరిగిపోతాయి, యంత్రం పట్టుకోదు. 2021 నవంబరులో కేంద్రం ‘జీవన్ ప్రమాణ్’లో ముఖ గుర్తింపును ప్రవేశపెట్టింది. మంచం దిగలేని తాతగారు కూడా మనవడి ఫోన్‌లో మొహం చూపిస్తే పని అయిపోతోంది.

మరి తప్పు జరిగితే?

ఇక్కడే ఆగి ఆలోచించాలి. తెలుగు నేల మీదే దీనికి పెద్ద పాఠం ఉంది.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల దగ్గరున్న సమాచారాన్ని కలిపి, ఒక వ్యక్తికి కారు ఉందా, భూమి ఉందా, ఉద్యోగం ఉందా అని ఇది చూస్తుంది. రేషన్ కార్డులకు అనర్హులను ఏరివేసే పనిలోనూ దీన్ని వాడారు.

రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. క్షేత్రస్థాయిలో విచారించకుండా, నోటీసు ఇవ్వకుండా కంప్యూటర్ లెక్కల ఆధారంగా తీసేశారంటూ ఒక సామాజిక కార్యకర్త కోర్టుకెక్కారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తనిఖీలో వేలాది కుటుంబాలు అర్హులేనని తేలింది.

అంటే, రేషన్ బియ్యానికి అర్హత ఉన్న ఇంటికి బియ్యం ఆగిపోయాయి. కొందరికి ఏళ్ల తరబడి. కారణం కూడా ఎవరూ చెప్పలేదు.

యంత్రం ఎందుకు పొరబడింది?

ఇలాంటి వ్యవస్థలకు ఉన్న పెద్ద చిక్కు పేర్లు.

మన దగ్గర లక్ష్మి అనే పేరును ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటే, ఓటరు కార్డులో చివర ఉంటుంది. మరోచోట ఒక్క అక్షరమే ఉంటుంది. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు పదిమంది దొరుకుతారు.

ఒక శాఖ దగ్గరున్న శ్రీనివాస్, ఇంకో శాఖ దగ్గరున్న శ్రీనివాసరావు ఒకరేనా కాదా? యంత్రం దీన్ని పోలికలను బట్టి అంచనా వేస్తుంది. అంచనా తప్పితే, ఎవరిదో కారు ఇంకెవరి ఖాతాలోనో పడుతుంది. సొంత కారు లేని నిరుపేద కుటుంబానికి కారు ఉన్నట్లు చూపించి కార్డు తీసేసిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి.

ఇంకో లెక్క చూడండి. ఒక వ్యవస్థ 99 శాతం సరిగ్గా పనిచేస్తుందనుకుందాం. వినడానికి బాగుంది. కానీ కోటి కుటుంబాల మీద దాన్ని వాడితే, ఆ మిగిలిన ఒక్క శాతం అంటే లక్ష కుటుంబాలు.

ఆంధ్రప్రదేశ్‌లో ‘సిక్స్ స్టెప్ వాలిడేషన్’ గురించి చాలామందికి తెలిసే ఉంటుంది. నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు వాడితే పథకాలకు అనర్హులనే నిబంధన అందులో ఉండేది. అది ఏఐ కాదు, మామూలు కంప్యూటర్ తనిఖీ. అయినా ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలున్న ఇంట్లో ఆ యూనిట్లు ఎవరివి? కంప్యూటర్‌కు తెలిసింది మీటరు మాత్రమే. ఆ ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో చూడాలంటే మనిషి వెళ్లాల్సిందే.

ఇది మన దగ్గరే జరిగిందా?

కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ కోసం ఇచ్చే సాయం విషయంలో, కంప్యూటర్ ఇచ్చిన అనుమానపు జాబితాలను నమ్మి వేలాది కుటుంబాలను మోసగాళ్లుగా ముద్ర వేశారు. ఇచ్చిన డబ్బంతా వెనక్కి కట్టమన్నారు. చాలా కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. తప్పు తమదేనని తేలాక 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది.

ఆ తర్వాత యూరప్ గట్టి నిబంధనలు పెట్టుకుంది. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం, ప్రభుత్వ సాయానికి అర్హత తేల్చే ఏఐని ‘అధిక ముప్పు’ జాబితాలో చేర్చింది. అలాంటి వాటిపై మనిషి పర్యవేక్షణ తప్పనిసరి. మనిషి ప్రమేయం లేకుండా కేవలం యంత్రం తీసుకునే కీలక నిర్ణయాలకు కట్టుబడాల్సిన అవసరం లేదనే హక్కు అక్కడి పౌరులకు అంతకుముందు నుంచే ఉంది.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. యంత్రం తీసుకునే నిర్ణయాల విషయంలో అలాంటి ప్రత్యేక హక్కు అందులో లేదు.

ఆ ఒక్క షరతు ఏంటి?

మేలు జరిగిన చోట్లనూ, కీడు జరిగిన చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

టీబీ విషయంలో సాఫ్ట్‌వేర్ అనుమానం మాత్రమే వ్యక్తం చేస్తుంది. ఆ తర్వాత గళ్ల పరీక్ష ఉంటుంది, డాక్టరు ఉంటారు. వాన విషయంలో ఏఐ అంచనా చెబుతుంది, విత్తాలా వద్దా అన్నది రైతు ఇష్టం. పింఛనుదారు మొహాన్ని ఫోన్ పట్టుకోకపోతే పింఛను ఆగిపోదు, వేలిముద్ర వేయొచ్చు, లేదా స్వయంగా వెళ్లి పత్రం ఇవ్వొచ్చు.

రేషన్ కార్డు విషయంలో మాత్రం, ఆఖరి మాట యంత్రానిదే అయింది.

కాబట్టి షరతు ఇది. ‘సరే, మీకు అర్హత ఉంది’ అని ఏఐ నిమిషాల్లో చెప్పనివ్వండి. ‘కుదరదు’ అని చెప్పాల్సి వస్తే మాత్రం ఒక అధికారి ఫైలు చూసి, కారణం రాసి, సంతకం పెట్టి చెప్పాలి.

ఎందుకంటే ఈ రెండు తప్పులూ సమానం కావు. అర్హత లేని ఇంటికి ఒక నెల బియ్యం వెళ్తే ఖజానాకు కొన్ని వందల రూపాయల నష్టం. అర్హత ఉన్న ఇంటికి ఆగిపోతే, ఆ ఇంట్లో పొయ్యి మీదకు గిన్నె ఎక్కదు.

‘రేపు రండి’ అనేది మనిషే కదా?

న్యాయమైన ప్రశ్న. ఆఫీసుల చుట్టూ తిప్పించేది, చేయి తడిపితే గానీ ఫైలు కదపనిది మనుషులే. మరి మళ్లీ మనిషి చేతికే ఎందుకు ఇవ్వాలి?

ఏఐ సాయం చేయగలిగేది ఇక్కడే. పదివేల దరఖాస్తుల్లో ఏ చిక్కూ లేనివి తొమ్మిది వేలు ఉంటే, వాటిని యంత్రం వెంటనే తేల్చేస్తుంది. అధికారి ముందు మిగిలేవి వెయ్యే. వాటిని శ్రద్ధగా చూసే తీరిక దొరుకుతుంది. ఎవరి ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగింది, ఏ కారణంతో తిరస్కరించారు అన్నది రికార్డవుతుంది. ఊరికే ‘రేపు రండి’ అనడం కష్టమవుతుంది.

మనిషి తప్పును యంత్రం పట్టిస్తుంది, యంత్రం తప్పును మనిషి దిద్దుతాడు. ఆశావహమైన భవిష్యత్తు అంటే ఇదే.

ఉద్యోగాల సంగతేంటి?

కొన్ని పనులు తగ్గుతాయి. వివరాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎక్కించే డేటా ఎంట్రీ పని వాటిలో మొదటిది. అది చేసేవారికి కొత్త పని నేర్పే బాధ్యత ప్రభుత్వాలదే.

అయితే ఒక సంగతి గమనించండి. ఈసేవ వచ్చాక బిల్లుల కౌంటర్లు తగ్గినా, దరఖాస్తు నింపడానికి సాయం చేసే మనిషి అవసరం తగ్గలేదు. మీసేవ కేంద్రాలు నడుపుతూ ఎంతోమంది ఉపాధి పొందారు. ఏఐ వచ్చాక కూడా ఇంటికి వెళ్లి చూసేవాళ్లు, వినేవాళ్లు, తప్పు దిద్దేవాళ్లు కావాలి. కంప్యూటర్ ముందు గడిపే సమయం తగ్గి, మనుషులతో గడిపే సమయం పెరిగితే అది మంచి మార్పే.

మీకు ‘కుదరదు’ అని వస్తే ఏం చేయాలి?

కార్డు, పింఛను లేదా ఏ పథకమైనా ‘సిస్టమ్‌లో రాలేదు’ అంటూ ఆపేస్తే అక్కడితో వదిలేయకండి.

- కారణం రాతపూర్వకంగా అడగండి. నిర్ణయం వల్ల ప్రభావితమైన వ్యక్తికి కారణాలు చెప్పాలని సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4 చెబుతోంది.
- నోటిమాటతో చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ పేరు మీద ఏ వాహనం, ఏ భూమి, ఏ మీటరు చూపిస్తున్నాయో నేరుగా అడగండి.
- ఆ వివరం తప్పయితే, సంబంధిత శాఖ నుంచి కాగితం తెచ్చుకోండి. వాహనమైతే రవాణా శాఖ, మీటరైతే విద్యుత్ శాఖ.
- రేషన్ విషయమైతే, ఆహార భద్రత చట్టం, 2013 ప్రకారం ప్రతి జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది.
- సోమవారాల్లో కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణి (తెలంగాణ), ప్రజా సమస్యల పరిష్కార వేదిక (ఆంధ్రప్రదేశ్)లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.
- ఆధార్, బ్యాంకు, రేషన్ కార్డుల్లో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయేమో ఇప్పుడే చూసుకోండి. సగం చిక్కులు ఇక్కడే పుడతాయి.

పాతికేళ్ల కిందట క్యూలో నిలబడినవాళ్లకు కనీసం ఒక వెసులుబాటు ఉండేది. కౌంటర్ అవతల ఒక మొహం కనిపించేది, ‘ఎందుకు కాదు?’ అని అడగడానికి. క్యూ పోవడం మంచిదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కూడా పోకుండా చూసుకుంటే, ఏఐ వల్ల మనకు జరిగేది మేలే.